స్తంభానికి వైరింగ్

మా బావ ఫోన్ చేసి "ఒరేయ్, స్తంభానికి వైరింగ్ చెయ్యాలి, ఆదివారం వస్తావా?" అంటే నేను కరెంటు స్తంభం అనుకున్నాను. "స్తంభాల జోలికి మేం పోం బావా, అది డిపార్ట్‌మెంటు వాళ్ల పని, చెయ్యి వేస్తే కేసు పెడతారు" అన్నాను. అవతల పెద్దగా నవ్వు. "కరెంటుది కాదురా, పడవది. తెరచాప కట్టే కొయ్య."

నేను విజయవాడలో ఇళ్ల వైరింగ్ చేస్తాను. సత్యనారాయణపురం, గవర్నర్‌పేట, భవానీపురం వైపు అపార్ట్‌మెంట్లు, పాత ఇళ్లు. గోడకు గాడి కొట్టడం, పైపు వెయ్యడం, పైపులోకి పొడుగాటి స్ప్రింగు తీగ తోసి వైరు లాగడం, ఇరవై ఏళ్లుగా ఇదే పని. పడవ ఎక్కిందల్లా పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి, అదీ పిల్లలు గోల చేస్తే. బావ సంగతి వేరు. ఇరవై రెండేళ్లు ఓడల్లో ఇంజను గదిలో పనిచేసి వచ్చాడు. వచ్చాక అపార్ట్‌మెంటు కొనుక్కుని కూర్చోకుండా గొల్లపూడి దాటాక ఏటి దగ్గర ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ఒక ముసలి వడ్రంగి మేస్త్రిని పట్టుకుని, పదిహేడు అడుగుల చెక్క పడవ మొదలుపెట్టాడు. మా అక్క దాని గురించి అనే మాటలు ఇక్కడ రాయలేను.

పుస్తకాల్లో దాన్ని కూపస్తంభం అంటారట. షెడ్డులో మాత్రం అందరికీ అది స్తంభమే, లేదా కొయ్య. ఇరవై రెండు అడుగుల పొడవు. మొదట్లో నాలుగు అంగుళాల మందం, పైకి పోయేకొద్దీ సన్నబడి చివర రెండున్నర లోపే. దాని నెత్తిన ఒక తెల్ల దీపం, సగం ఎత్తులో పడవ లోపలికి వెలుతురు పడేలా ఇంకో దీపం. వైరు బయటికి కనపడకూడదు. ఇంతే పని. ఒక ఆదివారం అనుకుని వెళ్లినవాడిని రోహిణి కార్తె దాటినా బయటపడలేదు.

ముందు నాకు అర్థం కానిది, అంత పైన దీపం ఎందుకని. లంగరు వేసి ఆగిన పడవ నాలుగు వైపులా కనపడే తెల్ల దీపం పెట్టాలని ఓడల నిబంధనల్లో ఉందని బావ చెప్పాడు. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు అవి. పన్నెండు మీటర్ల లోపు పడవకైతే ఆ దీపం రెండు మైళ్ల దూరానికి కనపడాలి. "మరి మనది అయిదు మీటర్లేగా?" అన్నాను. నిజమే, ఏడు మీటర్లలోపు పడవలు దారికి అడ్డం లేనిచోట ఆగితే అక్కర్లేదు, తెరచాప మీద నడిచేటప్పుడు కూడా చేతిలో టార్చిలైటు సిద్ధంగా ఉంటే సరిపోతుందని ఆయనే ఒప్పుకున్నాడు. "అయితే టార్చి కొనుక్కో, నన్నెందుకు పిలిచావ్?" అంటే, "రాత్రంతా టార్చి పట్టుకుని నువ్వు కూర్చుంటావా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా 2024 సెప్టెంబరు వరద అందరికీ గుర్తే. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన ఆ రోజుల్లో పడవలు కట్లు తెంపుకుని వచ్చి గేట్లను గుద్దాయి. అప్పటి నుంచి ఏట్లో ఏది ఉన్నా ఎక్కడుందో కనపడాలన్న పట్టుదల బావకి బాగా పెరిగింది.

నేను మొదట చెప్పిన ఉపాయం తేలికైంది. కొయ్య వెంబడి బయట నుంచే వైరు, జానెడుకో క్లిప్పు. పాత డాబా ఇళ్లలో చెక్క బద్దీ మీద వైరు పరిచినట్టు. మేస్త్రి నా మొహం చూసి ఏమీ అనకుండా తెరచాప ఎత్తే తాడు తెచ్చి కొయ్య పక్కన వేలాడదీసి, చేత్తో అటూ ఇటూ ఊపాడు. తాడు కొయ్యకు రాసుకుంటూ పోతోంది. గాలి ఉన్నన్నాళ్లూ అది అలా రాస్తూనే ఉంటుంది. మీ క్లిప్పులు ఎన్నాళ్లు ఉంటాయి అబ్బాయ్, అన్నాడు. సరే, అది పోయింది.

రెండో ఉపాయం, కొయ్య పైమీద గాడి కొట్టి, వైరు పెట్టి, పైన బద్దీ అతికెయ్యడం. గోడకు మేం చేసేది అదే కదా. దీనికి బావ ఒప్పుకోలేదు. గాలికి కొయ్య వంగినప్పుడు ఒత్తిడంతా పైచర్మం మీదే పడుతుందట, నడిమధ్యలో దాదాపు ఏమీ ఉండదట. అందుకని పైన అంగుళం గాడి కొడితే బలం దెబ్బతింటుంది, అదే నడుమ బోలు చేస్తే ఏమీ కాదు అన్నాడు. నేను నమ్మలేదు. అట్టముక్క మీద లెక్క వేసి చూపించాడు. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలబడే శక్తి దాని మందం నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుందట. అలాంటప్పుడు వంద మిల్లీమీటర్ల కొయ్యలో నడుమ 22 మిల్లీమీటర్లు తీసేస్తే పోయేది పావు శాతం కూడా లేదు. పైన అరవైకి సన్నబడినచోట కూడా రెండు శాతం లోపే. మేం స్లాబుల్లో, బీముల్లో ఎక్కడ పడితే అక్కడ పైపులు దూర్చేటప్పుడు ఇంజనీర్లు ఎందుకు అరుస్తారో ఆ అట్టముక్క చూశాక కొంచెం తెలిసింది.

అదృష్టం ఏమిటంటే కొయ్య ఇంకా ఒక్క దుంగ కాలేదు. అంత పొడవున, అంత మందాన ముడులు లేని కర్ర అడితిలో దొరకలేదు. మన తీరంలో పాతకాలం నాటు పడవలకు సరుగుడు బాదులో వెదుర్లో పెట్టేవాళ్లు. సరుగుడు గట్టిదే గానీ బరువు. నెత్తిన బరువు ఎంత ఉంటే పడవ అంత తూలుతుంది. అందుకని బావ విదేశీ డగ్లస్ ఫర్ పలకలు కొన్నాడు. రెండు పలకలు ముఖాముఖి అతికి ఒక్క కొయ్య చెయ్యడం మేస్త్రి పథకం. ఒక పలకను తలకిందులుగా తిప్పి పెడితే ఒకటి ఇటు వంగాలని చూస్తే రెండోది అటు లాగుతుందట. అంటే అతకకముందే రెండు లోపలి ముఖాల మీదా సగం సగం గాడి తీస్తే, మూసేసరికి నడుమ గుండ్రటి దారి వచ్చేస్తుంది. ఒక వారం ఆలస్యంగా వెళ్లి ఉంటే ఈ అవకాశం పోయేది.

"గాడిలో వైరు పరిచి అతికేస్తే పోలా? మళ్లీ పైపెందుకు?" అన్నాడు బావ. ఈసారి నా వంతు వచ్చింది. పూర్వం ఇళ్లలో గోడలో వైరు పూడ్చి సిమెంటు కొట్టేసిన చోట్ల నేను ఎన్ని గోడలు పగలగొట్టానో ఆయనకు తెలియదు. వేసిన వైరు మళ్లీ బయటికి రావాలి. రాకపోతే అది వైరింగే కాదు. గోడైతే పగలగొట్టి మళ్లీ పూస్తాం, ఈ కొయ్యను ఏం చేస్తావ్ అన్నాను. మేస్త్రి తల ఊపాడు. ఆయన నా పక్షాన మాట్లాడింది అదే మొదటిసారి. 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపులు, ఒక్కోటి మూడు మీటర్లు, రెండు. మధ్యలో రెండిటినీ కలిపే ఒక కప్లరు. ఆ కప్లరు పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వైరు కోసం లారీల సామాను దొరికే ఆటోనగర్ వెళ్లాను. పడవలో కరెంటు బ్యాటరీదే, పన్నెండు వోల్టులు. ఆ సామానుకు అంతకన్నా పెద్ద చోటు ఎక్కడుంది? కొట్టతను పడవకని చెప్పినా వినకుండా, దీపానికి ఒక్కో వైరు చాలు, రెండోది బాడీకి ఎర్త్ ఇచ్చెయ్యి అన్నాడు. లారీ అలవాటు. చెక్క పడవకు బాడీ ఎర్త్ ఎక్కడి నుంచి తెచ్చేది! నవ్వుకున్నాను గానీ, నా అలవాట్లు కూడా అక్కడ అంతే పనికిరాకుండా పోయాయి. ఇంట్లో లైటుకు ఏ వైరు వేసినా వెలుగుతుంది. 230 వోల్టుల్లో ఒక వోల్టు దారిలో పోతే ఎవడికీ తెలియదు. పన్నెండులో ఒకటి పోతే తెలుస్తుంది. బ్యాటరీ నుంచి నెత్తికి పది మీటర్లు, తిరిగి రావడానికి పది, మొత్తం ఇరవై. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు ఆ పొడవున దగ్గర దగ్గర 0.4 ఓమ్ అడ్డు ఉంటుంది. పాతకాలపు 25 వాట్ల బల్బయితే రెండు ఆంపియర్లు తాగి, 0.8 వోల్టు దారిలోనే మింగేది. అప్పుడు లావు వైరు కావాలి, లావు వైరంటే నెత్తి మీద బరువు. ఇప్పుడు మూడు వాట్ల ఎల్ఈడీ కాబట్టి పావు ఆంపియరే, పోయేది 0.1 వోల్టు. ఒక చదరపు మిల్లీమీటరు వైరే చాలు. అలవాటుకొద్దీ నేను రెండున్నర వైరు చుట్ట చేత్తో పట్టుకునే ఉన్నాను, అక్కడే పెట్టేశాను.

చివరికి ఆటోనగర్‌లో కొన్నది వైరు కాదు, ట్రైలరుకు పెట్టే మూత ఉన్న ప్లగ్గు. వైరు బావే విశాఖ నుంచి తెప్పించాడు. సన్న పోగులది, పోగు పోగుకీ తగరం పూత ఉన్నది. ఒంటి తీగ వైరు కదిలే చోట విరిగిపోతుంది. పూత లేని రాగికి నీటి చెమ్మ తగిలితే పచ్చటి చిలుము పట్టి, పైతొడుగు లోపల జానెడు దూరం పాకుతుంది. మన ఏటి నీళ్లు ఉప్పువి కావుగా అంటే, రేపు నిజాంపట్నం సముద్రానికి తీసుకెళ్లనని నీకెవడు చెప్పాడు అన్నాడు.

గాడి తియ్యడం రెండు గంటల పని. చెక్కలో గాడి తీసే రౌటరు మిషనుకు గుండ్రటి ముక్కున్న బిట్టు బిగించి, పక్కన సూటి బద్దీ కొట్టి, రెండు మూడు విడతలుగా దించుకుంటూ పోయారు. కప్లరు దగ్గర అది పైపు కన్నా లావు కాబట్టి ఉలితో కొంచెం వెడల్పు చేశారు. పైపులో నైలాన్ దారం వేసి, రెండు కొసలా టేపు చుట్టి, పరిచి చూసుకున్నాం. ముచ్చటగా ఇమిడింది.

అతకడానికి ఎపాక్సీ, రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు. మేస్త్రి వాళ్ల నాన్న కాలంలో వజ్రం అనే జిగురు కాచి అతికేవాళ్లట, ఈ సీసాల మందు మీద ఆయనకు గురి లేదు. నాకు అర్థంకానిది దాని కోపం. డబ్బా మీద పాతిక డిగ్రీల దగ్గర ముప్పై నిమిషాలు గట్టిపడకుండా ఆగుతుందని ఉంది. మే నెల విజయవాడలో పాతిక డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? ఎండ పది డిగ్రీలు పెరిగితే ఆ గడువు సగానికి పడిపోతుందట. పరీక్షకని ఒక మధ్యాహ్నం ప్లాస్టిక్ గ్లాసులో కొంచెం కలిపి పెడితే, పది నిమిషాలకే పొగ వచ్చి గ్లాసు కరిగిపోయింది. గ్లాసులో కుప్పగా ఉంటే తన వేడికి తనే ఉడికిపోతుంది, పళ్లెంలో పల్చగా పోస్తే కొంచెం నిదానిస్తుంది. అది తెలిశాక తెల్లవారుజామున నాలుగింటికి అతకాలని తీర్మానం.

ముహూర్తం పెట్టుకున్నట్టే వెళ్లాం. నేను, నా దగ్గర పనిచేసే కుర్రాడు, బావ, మేస్త్రి, మేస్త్రి మనవడు. ఇరవై రెండు అడుగుల కొయ్యకు జానెడుకో బిగింపు కావాలి. అన్ని క్లాంపులు కొనలేక వన్‌టౌన్‌లో పంక్చర్ షాపులన్నీ తిరిగి పాత సైకిల్ ట్యూబులు పోగుచేశాం. నిలువునా చీల్చి, లాగి పట్టుకుని, కొయ్య చుట్టూ కట్టు కట్టినట్టు చుట్టుకుంటూ పోవడమే. రబ్బరు బిగింపు ఎంతుంటుందో చుట్టినవాడి చేతులకు తెలుస్తుంది. మందు పొయ్యడం, పైపు పరవడం, రెండో పలక బోర్లించడం, చుట్టడం, అన్నీ అయ్యేసరికి అవతల గుడి మైకు మొదలైంది. అంచుల వెంట మందు తేనెలా కారుతోంది. ఆకలి చూడకూడదు. గొల్లపూడి సెంటర్లో ఇడ్లీలు ఎన్ని తిన్నామో లెక్కలేదు.

మర్నాడు ట్యూబులు విప్పి, దారం కొస పట్టుకుని లాగాను. రాలేదు.

ఇంకొంచెం గట్టిగా లాగాను. రెండో కొస పట్టుకుని కుర్రాడు లాగాడు. అటు రాదు, ఇటు రాదు. అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. ఎక్కడ జరిగిందో చూడకుండానే తెలిసిపోయింది. కప్లరు. పైపు సరిపోతుందో లేదో చూడ్డానికి ముందురోజు పైపులు అతికే సొల్యూషన్ రాయకుండా ఊరికే దూర్చాను. తీసి, రాసి, మళ్లీ దూర్చాలి. మర్చిపోయాను. స్లాబు వేసేటప్పుడు సొల్యూషన్ రాయని అతుకులోంచి సిమెంటు పాలు దిగి పైపు పూడుకుపోతుందని ప్రతి కుర్రాడికీ నేను చెప్పే మొదటి పాఠం అది. నా దగ్గర కుర్రాడు ఆ మాట అనలేదు గానీ, వాడి చూపు అన్నది.

ఏం చెయ్యాలి? కింద కొసలోంచి స్ప్రింగు తోశాను. తొమ్మిది అడుగుల పది అంగుళాల దగ్గర ఆగింది. గుర్తు పెట్టుకుని పై నుంచి తోశాను. తొమ్మిది అడుగుల తొమ్మిది. అంటే అడ్డం అతుకు దగ్గరే, అంగుళం మించి లేదు. స్ప్రింగు కొసతో ఎంత పొడిచినా ఎపాక్సీ కదిలే సరుకు కాదు. వేడి చేస్తే మెత్తబడుతుందని బావ. అక్కడిదాకా వేడి పంపేదెలా? పైపు కరిగిపోదూ? ఆ పొద్దంతా అందరం తలా ఒక ఉపాయం చెప్పాం, ఒక్కటీ పనికొచ్చేది కాదు.

మేస్త్రి సాయంత్రం దాకా ఏమీ మాట్లాడలేదు. చివరికి చుట్ట పారేసి లేచి, కొయ్య మీద టేపు పట్టి కొలిచి, పెన్సిలుతో ఒక చుక్క పెట్టి, బర్మా తెమ్మన్నాడు. ముందు ముఖం మీంచి వేలెడు బెజ్జం, సూటిగా పైపు నడిమికి. రెండు అంగుళాలు దిగాక పొడి రంగు మారింది, తెల్లటి పీవీసీ, దాని వెనక తేనె రంగు పలుకులు. సన్న ఉలితో, వంచిన కంబీతో ఆ పలుకులు గోకడానికి నాకు గంటన్నర పట్టింది. కొత్త దారం ఇటు నుంచి అటు వెళ్లినప్పుడు మేస్త్రి మనవడు ఈల వేశాడు.

ఇప్పుడు ఆ బెజ్జం ఏం చెయ్యాలి? అదే చెక్కతో బిరడా చేసి, ఈనె వరస కలిసేలా కొట్టి మూసెయ్యొచ్చు. కానీ సగం ఎత్తు దీపానికి ఎటూ ఒక బెజ్జం కావాలి. బావ లెక్క ప్రకారం ఆ దీపం ఇంకో అడుగు పైన ఉండాలి. మా లెక్క ప్రకారం బెజ్జం ఎక్కడుంటే దీపం అక్కడే. కొయ్యకు రెండు బెజ్జాలెందుకు అని మేస్త్రి అన్నాక బావ ఇంక వాదించలేదు.

ఆ తర్వాత వారం రోజులు కొయ్య మేస్త్రిదే. నాలుగు పలకల దాన్ని ఎనిమిది పలకలు చేశాడు, ఎనిమిదిని పదహారు. ఒక్కో ముఖం మీద ఏడు, పది, ఏడు పాళ్లలో గీతలు గీసుకుని ఆ మూలలు తీసేస్తే ఎనిమిది పలకలు సమానంగా వస్తాయని బావ పుస్తకం చూపించాడు. మేస్త్రి గీతలు గియ్యకుండానే అక్కడికే వచ్చాడు. చిత్రిక పడుతుంటే వచ్చే ఆ పొడుగాటి చుట్టల వాసన కోసమే నేను పని లేకపోయినా సాయంత్రాలు అటు వెళ్లేవాడిని.

వైరు లాగే రోజు నేను అనుకున్నంత సులువుగానే గడిచింది. సగం దాకా రెండు వైర్లు, నెత్తికి ఒకటి, ఒక్కోదాని లోపల రెండు కోర్లు, అంటే రెండు తీగలు. పైపు లోపలి మందం పదహారు మిల్లీమీటర్లే కాబట్టి కింది సగంలో రెండూ కలిసి బిగువుగా ఉన్నాయి. పై సగంలో ఒక్కటే, వదులు. ఆ వదులే సమస్య అని బావ ముందే చెప్పాడు. లంగరు వేసిన రాత్రి పడవ ఊగుతుంటే ఆ వైరు పైపు గోడకు టకటక కొట్టుకుంటుందట. కొయ్య వీణ బుర్రలా దాన్ని పెద్దది చేసి వినిపిస్తుందట. ఓడవాళ్లు చేసే పని ఒకటి చెప్పాడు. జానాబెత్తెడుకో చోట వైర్లు కట్టే సన్న ప్లాస్టిక్ టైలు మూడు మూడు దిక్కులకు బిగించి, తోకలు పూర్తిగా కత్తిరించకుండా వేలెడు వదిలెయ్యాలి. గొంగళిపురుగు నూగులా ఆ తోకలు పైపు గోడకు ఆని, వైరును నడుమ పట్టుకుంటాయి. తోకలన్నీ కిందికి వాలేలా చూసుకుంటే పైకి లాగడం సులువు. అయితే ఒకటి, తీసేటప్పుడు కూడా పైకే తియ్యాలి. కిందికి లాగితే నూగు ఎదురు తిరిగి ఇరుక్కుంటుంది. నెత్తి దగ్గర వైరును ఒక పట్టీతో కొయ్యకు బిగించాను, మొత్తం వైరు బరువు దీపం స్క్రూల మీద పడకుండా.

నెత్తి దగ్గర నీళ్లు దిగకుండా చూడ్డం మాత్రం నా వృత్తి నాకు పనికొచ్చిన చోటు. మేడ మీద సర్వీసు పైపుకు చివర చేతికర్ర వంపు ఎందుకు పెడతాం? వాన నేరుగా నోట్లో పడకూడదని. ఇక్కడా అంతే. కొయ్య శిఖరం మీద బెజ్జం వద్దన్నాను. శిఖరానికి ముప్పావు అడుగు కింద, ముందు ముఖాన, వైరు వచ్చే కన్నం. దానిమీద కిటికీ సన్‌షేడ్ లాగా టేకు ముక్కతో మేస్త్రి చిన్న గొడుగు చెక్కాడు. వైరు అక్కడి నుంచి నేరుగా పైకి పోకుండా ముందు కిందికి ఒక వంపు తిరిగి, అప్పుడు దీపానికి వెళ్తుంది. వెంట వచ్చే నీటిబొట్టు ఆ వంపు అడుగున జారిపోతుంది. చెక్క ఎక్కువ నీళ్లు తాగేది తెగిన కొసలోంచే కాబట్టి శిఖరానికి మూడు పూతలు ఎపాక్సీ పట్టించాం. పైపు కింది కొస ఎందుకు మూయలేదని బావ అడిగాడు. ఎంత మూసినా లోపల చెమ్మ పడుతుంది, అది దిగి పోవడానికో దారి ఉండాలి. అతుకులు సోల్డర్ చెయ్యలేదు, వైరు కొసలకు లగ్గులు నొక్కి, జిగురున్న స్లీవు వేడిచేసి తొడిగాను. సోల్డరు పోగుల్లోకి పాకి గట్టిపడినచోట, ఊగి ఊగి అక్కడే విరుగుతుంది.

దీపాలు వెలిగాయి. బావ స్వీట్లు తెచ్చాడు. రెండు రోజుల తర్వాత ఫోను: "ఫ్యూజు కొట్టేసింది, కొత్తది వేస్తే అదీ కొట్టేసింది."

బ్యాటరీకి జానెడు దూరంలోనే మూడు ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవుగా, ఫ్యూజు దేనికి అంటారు చాలామంది. షాక్ కొట్టదు, కానీ షార్టయితే ఆ బ్యాటరీ వందల ఆంపియర్లు కక్కి వైరును పొయ్యి చేస్తుంది, చుట్టూ చెక్క. వెళ్లి మీటరు పెట్టి చూస్తే పై దీపం వైరులో ప్లస్సు, మైనస్సు కలిసిపోయి ఉన్నాయి. "నేను వెళ్లాక కొయ్యకు ఏం చేశారు?" అంటే, తెరచాప పాకే ఇత్తడి పట్టీ బిగించామన్నారు. స్క్రూ చూపించమన్నాను. ఒకటింపావు అంగుళం. కింద నాలుగు అంగుళాల మందంలో ఆ స్క్రూ పైపు దరిదాపుల్లోకి కూడా రాదు. పైన కొయ్య సన్నబడుతుంది, పైపు సన్నబడదు. శిఖరం దగ్గర పైచర్మం నుంచి పైపుకు ఉన్నది ఇరవై మిల్లీమీటర్లే. చివరి ఏడు స్క్రూలు పైపులోకి దూరాయి, అందులో ఒకటి సరిగ్గా వైరు రెండు కోర్ల నడుమ దిగింది. నా తోకల నూగు వైరును చక్కగా నడిమధ్య పట్టుకుని ఉంచింది కదా, తప్పించుకునే వీలు కూడా లేకపోయింది.

ఆ ఏడు స్క్రూలు తీసి, వైరు కింది కొసకు దారం కట్టి పైకి లాగేసి, కొత్త వైరుకు మళ్లీ నూగు కట్టి, అదే దారంతో కింది నుంచి ఎక్కించాను. నూగు కట్టడం పోను, అరగంట పని. ముప్పావు అంగుళం స్క్రూలు వేశారు. పైపు ఎందుకని అడిగిన మనిషి ఆ అరగంటా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. నేనేమీ అనలేదు. అనకుండా ఉండటం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు.

ఒడ్డుకు తీసుకెళ్లే రోజు మటుకు నేనే ముందు నడిచాను. ఇరవై రెండు అడుగుల కొయ్యను ట్రాక్టరు మీద వేసి గట్టు ఎక్కిస్తుంటే అందరూ వెనక కొస చూస్తారు, పైన తీగలు ఎవరూ చూడరు. పదకొండు కేవీ లైను కింద కొయ్యను నిలబెట్టడం కాదు, లేపే ఆలోచన కూడా వద్దని గట్టిగా చెప్పాను. చెక్కేగా అంటారు. తడిసిన చెక్క, లోపల నిలువునా రాగి తీగ, పక్కన ఉక్కు తాళ్లు, ఇంక చెక్కేమిటి! తీగలు లేని చోటికి వెళ్లాకే నిలబెట్టారు. పడవ మీద కొయ్య ఒక బోల్టు మీద వెనక్కి వాలుతుంది, అందుకే కింద ఆ ట్రైలరు ప్లగ్గు. వాల్చే ముందు ప్లగ్గు తియ్యమని రాసి అంటించాను. మొదటిసారే బావ మర్చిపోయాడు. వైరు తెగలేదు, ప్లగ్గే ఊడి వచ్చింది. అందుకే దాన్ని స్క్రూలతో బిగించే రకం కొనలేదు.

వానలు తగ్గి, ఏరు నిమ్మళించాక, ఒక శనివారం రాత్రి భవానీ ద్వీపం పై వైపు లంగరు వేశాం. అనుమతులు, కాగితాలు బావ చూసుకున్నాడు. అక్క కూడా వచ్చింది, పులిహోర తెచ్చింది, పడవ మీద మాటలు కొన్ని వెనక్కి తీసుకుంది. దూరంగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు. మా నెత్తిన ఒక్కటే తెల్లగా, కదలకుండా. కొంచెం గాలి లేచింది. పడుకున్నాక మొదలైంది, టక్, టక్, టక్.

"ఒరేయ్," అన్నాడు బావ చీకట్లో, "నీ వైరు."

నేను లేచి కొయ్యకు చెవి ఆనించాను. లోపల చప్పుడు లేదు. బయట చెయ్యి పెట్టి తడిమితే తెరచాప తాడు, వదులుగా వదిలేసింది, కొయ్యకు కొట్టుకుంటోంది. అడుగున సైకిల్ ట్యూబు ముక్క ఇంకా ఒకటి మిగిలి ఉంది. దాంతో తాడును పక్కకు లాగి కట్టేసి వచ్చి పడుకున్నాను.